తాళం చెవి ఎవరి జేబులో ఉంది?

మార్కాపురం పలక ఎరగని ఇల్లు ఒకప్పుడు తెలుగునాట లేదు. పిల్లోణ్ణి బళ్లో వెయ్యాలంటే ముందు పలక కొనాలి. ఆ పలక మన నేలలోంచే వచ్చింది. గనిలో రాయి తీసి, పొరలు పొరలుగా చీల్చి, కోసి, నున్నగా రుద్ది, చుట్టూ చెక్క బిగించి లారీలకెత్తి ఊళ్లకు ఊళ్లు పంపారు. పంపినవాళ్లు షావుకార్లు. చీల్చినవాళ్లు, రుద్దినవాళ్లు కూలోళ్లు. ఆ కూలోళ్లలో చిన్న పిల్లలూ ఉన్నారు. 1987లో కేంద్ర ప్రభుత్వం బాలకార్మిక విధానం ప్రకటించి, పిల్లల చాకిరీ ఎక్కువగా ఉన్న పరిశ్రమలను ఏరి మొదటి విడత ప్రాజెక్టులు పెట్టింది. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజులు, మొరాదాబాద్ ఇత్తడి సామాన్లు ఉన్న ఆ జాబితాలో మన మార్కాపురం పలక కూడా ఉంది. అంటే ఊరందరి పిల్లలూ అక్షరాలు దిద్దుకొనే పలకను తయారుచేసింది బడి ముఖం చూడని పిల్లలు!

మా మేనత్త చిన్నతనంలో మార్కాపురంలో ఆ పనికే పోయింది. ఎన్ని వేల పలకలు రుద్దిందో ఆమెకే లెక్క తెలియదు. ఈనాటికీ బ్యాంకులో వేలిముద్రే. "ఒరే అబ్బయ్యా, పలకలు నా చేతిలోంచి పొయినయ్ గానీ నా చేతిలోకి ఒక్కటీ రాలేదురా" అంటుంది.

ఈ పాత సంగతి ఇప్పుడెందుకు ఎత్తుతున్నానంటే, ట్యాబ్ అన్నా పలకే. రాయి పోయి అద్దం వచ్చింది, అంతే. టీవీ, కంప్యూటరు, సెల్‌ఫోను, ఇంటర్నెట్టు - వీటితో పేద దేశాల చదువులు బాగుపడతాయని యాభై ఏళ్లుగా పెద్దలు చెప్తూనే ఉన్నారు. బాగుపడతాయని కొందరు, చెడిపోతాయని కొందరు సభల్లో వాదించుకుంటున్నారు. నేను పుల్లలచెరువు ప్రాంతంలో పుట్టి, మా వంశంలో డిగ్రీ కాగితం చూసిన మొదటివాణ్ణి. ప్రభుత్వ బడిలో పాఠం చెప్పుకొని బతుకుతున్నవాణ్ణి. నన్నడిగితే ఆ వాదనే పక్కదారి. యంత్రం మంచిదా చెడ్డదా అని కాదు మనం అడగాల్సింది. ఆ యంత్రం పెట్టిన గది తాళం చెవి ఎవరి జేబులో ఉంది? అదీ అడగాల్సింది.

కిటికీ అవతల నుంచి చూసిన టీవీ

1975 ఆగస్టు 1న మన దేశంలో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. అమెరికా వాళ్ల ఉపగ్రహాన్ని ఏడాది పాటు అరువు తెచ్చుకొని, 6 రాష్ట్రాల్లో 2400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపారు. ఆంధ్రప్రదేశ్ కూడా ఆ ఆరింటిలో ఉంది. పొద్దున బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దవాళ్లకు సేద్యం, ఆరోగ్యం. కరెంటు బల్బే కొత్తగా చూస్తున్న ఊళ్లలో టీవీ ముందు జనం మూగారు. 1976 జూలై 31తో గడువు ముగిసింది. ఉపగ్రహం వాళ్లది, వాళ్ల పనికి వాళ్లు జరుపుకున్నారు. ఇన్సాట్‌లాంటి సొంత ఉపగ్రహాలు కట్టుకోవటానికి ఆ ప్రయోగం మన శాస్త్రవేత్తలకు పనికొచ్చింది, కాదనను. కానీ ఆ పల్లెల్లో పాఠం రుచి మరిగిన పిల్లోడికి ఏం చెప్పాలి? చెవి పరాయివాడి దగ్గరుంటే గది ఎప్పుడు మూతపడేదీ పరాయివాడే నిర్ణయిస్తాడు.

మా ఊరికి టీవీ రావటానికి ఆ తర్వాత పది పదిహేనేళ్లు పట్టింది. పంచాయతీ ఆఫీసులో పెట్టారు. ప్రభుత్వ సొమ్ముతో కొన్నది, అందరిదీ అన్నారు. పంచాయతీ ఆఫీసు ఊరి నడిబొడ్డున, మా పల్లె వాగు అవతల. ఊళ్లో పిల్లలు లోపల చాపల మీద కూచునేవాళ్లు. మేము బయట కిటికీ ఊచలు పట్టుకొని నిలబడేవాళ్లం. లోపలికి రమ్మన్నవాళ్లు లేరు, పొమ్మని తరిమినవాళ్లూ లేరు. ఆ రెండింటి మధ్య సందులోనే మా చదువంతా నడిచింది. చెవి పెద్దింటాయన ఇంటి గూట్లో ఉండేది. ఆదివారం మహాభారతానికి తలుపు బార్లా తీసేవాళ్లు. బడిపిల్లల పాఠాలొచ్చే వేళకు మాత్రం ఆయన చేలో ఉండేవాడు.

అప్పుడు నాకు కోపం వచ్చేది కాదు. అది టీవీ గుణమే అనుకునేవాణ్ణి. కోపం రావటానికి నాకు చదువు కావాల్సొచ్చింది.

చెవి నా జేబులోకి వచ్చింది

ఇతరుల తప్పులు చెప్పటం తేలిక. ఇప్పుడు నా తప్పు చెప్తాను.

2008 ప్రాంతంలో రాష్ట్రంలో సుమారు 5 వేల హైస్కూళ్లలో కంప్యూటర్ గదులు పెట్టారు. కంపెనీలకు అయిదేళ్ల కాంట్రాక్టు. యంత్రాలు వాళ్లే తెస్తారు, నేర్పే మనిషినీ వాళ్లే పెడతారు, గడువు తీరాక యంత్రాలు బడికి అప్పజెప్పి వెళ్లిపోతారు. నేర్పటానికి వచ్చిన మన పిల్లలకు ఇచ్చింది కూలి డబ్బులకన్నా తక్కువ. డిగ్రీలు చేసి, కంప్యూటర్ కోర్సులు చేసి, నెలల తరబడి ఆ జీతమూ అందక అప్పులపాలైనవాళ్లను నేను ఎరుగుదును. గడువు ముగిసింది. వాళ్లను ఇంటికి పొమ్మన్నారు. గది మిగిలింది.

నేను పనిచేసే బడిలో ఆ గది తాళం చెవి నాకప్పజెప్పారు. స్టాకు రిజిస్టరులో సంతకం పెట్టించుకున్నారు. ఒక మౌసు పోయినా, ఒక వైరు తెగినా జీతంలో కోత పడుతుందని చెప్పారు. నేర్పే మనిషి లేడు. కరెంటు ఉన్నప్పుడు పీరియడు ఉండదు, పీరియడు ఉన్నప్పుడు కరెంటు ఉండదు. నేను ఏం చేశాను? తాళం వేశాను.

తొమ్మిదో తరగతిలో మాదిగపల్లె పిల్ల ఒకతి ఉండేది. లెక్కల్లో చురుకు. రోజూ ఆ గది కిటికీ దగ్గర నిలబడి లోపలికి చూసేది. ఒకరోజు నా దగ్గరకొచ్చి, "సార్, ఒక్కసారి ముట్టుకొని చూడనా" అంది. నేను "ముట్టుకుంటే పాడైపోద్దమ్మా, రేపు చూద్దాంలే" అన్నాను.

ముట్టుకుంటే పాడైపోద్ది! ఈ మాట నేను ఎక్కడ నేర్చుకున్నాను? మా నాయనమ్మ ఊరి బావి దగ్గర కుండ పట్టుకొని నిలబడితే, పైనుంచి నీళ్లు పోసేవాళ్లు అన్న మాట ఇదే. బావిని ముట్టుకుంటే పాడైపోద్ది. గుడిని ముట్టుకుంటే పాడైపోద్ది. అంబేద్కర్ జయంతి నాడు మైకు పట్టుకొని గంటసేపు ఉపన్యాసం ఇచ్చే నేను, మా పిల్లతో అదే మాట అన్నాను. అన్న సంగతి కూడా నాకు ఆ రోజు తట్టలేదు.

ఆ 'రేపు' రాలేదు. పదో తరగతి కాగానే ఆ పిల్లకు పెళ్లి చేశారు. నేను చివరికి గది తెరిచేసరికి ఎలకలు వైర్లు కొరికేశాయి. అట్టపెట్టెల్లోంచి సరిగా బయటికే రాని యంత్రాలు కొత్తగా ఉండగానే ముసలివైపోయినయ్. కొన్నేళ్ల తర్వాత ఆమె హైదరాబాదులో బేల్దారి పని నుంచి వచ్చి, తన కూతుర్ని బళ్లో చేర్చటానికి నా ముందు నిలబడింది. కాగితాలన్నీ అయ్యాక పోతా పోతా అడిగింది: "ఇప్పుడన్నా ఆ గది తీస్తన్నారా సార్?"

ఆమె ఎత్తిపొడవలేదు. మామూలుగానే అడిగింది. ఈ వ్యాసం రాస్తున్నది ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే.

ఫోను లేని పిల్లకు పాఠం లేదు

2020 మార్చిలో కరోనాతో బళ్లు మూశారు. జూన్ నుంచి దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు చెప్పారు. రేడియోలోనూ చెప్పారు. ప్రైవేటు బళ్లు ఫోన్లలోకి పోయాయి. చదువు ఆగలేదని పత్రికల్లో వచ్చింది. ఎవరి చదువు ఆగలేదు?

దానికి రెండేళ్ల ముందే, 2017-18లో, జాతీయ నమూనా సర్వే వాళ్లు దేశమంతా తిరిగి లెక్క తీశారు. పల్లెటూళ్లలో నూటికి 4.4 ఇళ్లలో కంప్యూటరు ఉంది. నూటికి 14.9 ఇళ్లకు ఇంటర్నెట్ అందుతోంది. పట్నాల్లో కంప్యూటరు 23.4, ఇంటర్నెట్ 42. ఇది అన్ని కులాలూ, భూములున్నవాళ్లూ లేనివాళ్లూ కలిసిన లెక్క. వాగు అవతల పల్లెలు విడదీసి లెక్కిస్తే ఎంత మిగిలేదో మీరే ఊహించుకోండి. ఈ లెక్క ప్రభుత్వం చేతిలో పెట్టుకొనే, పాఠం ఫోన్లోకి వెళ్లింది.

2020 జూన్ 1న కేరళలో ఆన్‌లైన్ చదువులు మొదలయ్యాయి. తొలిరోజే అక్కడ ఒక కూలివాని ఇంట్లో బాగా చదివే దళిత బాలిక, టీవీ చెడిపోయి, స్మార్ట్‌ఫోను లేక, పాఠం తనకు అందదని కుమిలిపోయి ప్రాణం తీసుకుంది. దేశంలో అందరికన్నా ఎక్కువ చదువుకున్న రాష్ట్రంలో ఇది జరిగింది. ఆ దెబ్బతో అక్కడి జనం కదిలారు. గ్రంథాలయాల్లో, అంగన్‌వాడీల్లో టీవీలు పెట్టి, ఇంట్లో లేని పిల్లలను అక్కడ కూర్చోబెట్టారు.

మన దగ్గర అంత కదలిక కూడా లేదు. మన పిల్లలు మిరపకోతలకు గుంటూరు వైపు పోయారు. పత్తి తీయటానికి పోయారు. పట్నాల్లో ఇటుకలు మోశారు. బడి తెరిచాక కొందరు తిరిగి రాలా. అది ఏ పత్రికకూ వార్త కాలేదు.

కానుక వచ్చింది, హక్కు రాలేదు

2022 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్లకు చెప్పే మాస్టర్లకు ట్యాబులు పంచటం మొదలుపెట్టింది. మొత్తం 5 లక్షల 18 వేలకు పైగా ట్యాబులు. ఖర్చు సుమారు 686 కోట్లు. బైజూస్ అనే కంపెనీ పాఠాలు తెలుగులో, ఇంగ్లీషులో ముందే లోపల ఎక్కించి ఇచ్చారు. 2023 డిసెంబరు 21న మళ్లీ 4 లక్షల 34 వేల మంది పిల్లలకు ఇచ్చారు. పై తరగతుల గదుల్లో గోడకు పెద్ద తెరలు బిగించారు.

మంచి ఉన్నచోట మంచి చెప్పాలి. నెట్టు లేకపోయినా పాఠం నడిచే ఏర్పాటు అది. చెరువు కట్ట ఎక్కితే తప్ప సిగ్నల్ అందని ఊళ్లకు అది చిన్న విషయం కాదు. మన పిల్లలకు ఎప్పుడూ ఊళ్లోవాళ్లు వాడి వదిలేసిన పుస్తకాలు, వాడి వదిలేసిన బట్టలే వచ్చాయి. మొదటిసారి అట్టపెట్టె విప్పి కొత్త వస్తువు చేతిలో పెట్టుకున్నారు. ఆ రోజు మా పల్లెలో చిన్న పండగే జరిగింది.

అది చూసి ఓర్వలేనివాళ్లూ ఉన్నారు. "ఈ పిలకాయలకు ట్యాబులెందుకు? చెడు బొమ్మలు చూస్తారు, ఆటలాడతారు" అన్నారు. ఆ అన్నవాళ్ల మనవళ్లు ఉగ్గుగిన్నె వయసు నుంచే ఫోను చూస్తా అన్నం తింటున్నారు. 2019లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం అన్నప్పుడు తెలుగుతల్లి కోసం కన్నీళ్లు పెట్టుకున్నదీ తమ పిల్లలను కాన్వెంటు బస్సు ఎక్కించే వాళ్లే. మన పిల్లల చేతిలోకి ఏదన్నా వస్తుందనేసరికే వీళ్లకు దాని చెడుగుణాలు కనపడతాయి. వీళ్ల మాటతో మన మాట కలవకూడదు. మనం యంత్రం వద్దనటం లేదు.

మనం అడిగేది వేరు. ఆ రెండుసార్లూ పంపిణీ జరిగిన తేదీ ఒకటే - అది నాటి ముఖ్యమంత్రి పుట్టినరోజు. కానుకకు ఇచ్చినవాడి తేదీ ఉంటుంది. హక్కుకు పుచ్చుకునేవాడి వయసు ఉంటుంది - ఎనిమిదో తరగతికి వచ్చాడు కాబట్టి ఇవ్వాలి, అంతే. 2024లో ప్రభుత్వం మారింది, పంపిణీ ఆగింది. ఎందుకు ఆగింది అని ఏ పార్టీనీ మనం నిలదీయలేకపోయాం. కానుక ఆగితే అడిగే నోరు ఉండదు గనక. ఈ మాట ఆ ప్రభుత్వానికీ ఈ ప్రభుత్వానికీ కలిపే చెప్తున్నా.

ఇక లోపలి పాఠాల సంగతి. 2022లో లక్షన్నర కోట్ల రూపాయలకు పైగా విలువ కట్టిన బైజూస్ కంపెనీ మీద 2024 జూలై 16న బెంగుళూరులోని కంపెనీ లా ట్రిబ్యునల్ దివాలా ప్రక్రియ మొదలుపెట్టింది. కంపెనీలు లేస్తాయి, పడతాయి. అది వాళ్ల వ్యాపారం. కానీ మన పిల్లల పాఠం ఒక వ్యాపారి లాభనష్టాలకు కట్టిన లేగదూడ కాకూడదు. అమెరికా ఉపగ్రహం పక్కకు జరిగిన రోజు నుంచి మనం నేర్చుకోవాల్సిన పాఠం అదే.

ఎవరి షరతుల మీద?

ఈ గోల మన ఊరిది మాత్రమే కాదు. ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థ యునెస్కో 2023లో చదువుల్లో సాంకేతికత మీద పెద్ద నివేదిక తెచ్చింది. దానికి పెట్టిన పేరులోనే ప్రశ్న ఉంది: ఈ పనిముట్టు ఎవరి షరతుల మీద? మా మేనత్త అడిగేదీ అదే ప్రశ్న. ఆమె భాష వేరు, అంతే.

రెండు చోట్ల సంగతి చెప్తాను, పోల్చుకోండి.

దక్షిణ అమెరికాలో పెరూ అనే దేశం ఉంది. మనలాగే కొండలు, ఆదివాసులు, ఒకే మాస్టరున్న బళ్లు. 'పిల్లకొక ల్యాప్‌టాప్' అనే పథకం కింద ఆ ప్రభుత్వం 8 లక్షలకు పైగా చిన్న కంప్యూటర్లు కొని పంచింది. 319 పల్లెటూరి బళ్లలో పరీక్షించి చూశారు. 2012లో ఫలితం చెప్పారు. పిల్లల చేతికి యంత్రాలైతే బాగా అందాయి, వాడారు కూడా. లెక్కల్లో, భాషలో మాత్రం యంత్రం ఉన్న బడికీ లేని బడికీ తేడా కనపడలేదు. యంత్రం ఇచ్చి, మాస్టర్ని వదిలేశారు. పాఠాన్ని వదిలేశారు.

రెండోది ఢిల్లీ. 2015లో అక్కడ పేద పిల్లలకు బడి అయ్యాక సాయంత్రం కేంద్రాలు నడిపారు. రోజుకు గంటన్నర. అందులో 45 నిమిషాలు కంప్యూటరు ముందు, ఇంకో 45 నిమిషాలు ఒక మనిషి దగ్గర చిన్న గుంపుగా. ఆ కంప్యూటరు చేసే పని ఏమిటంటే - నువ్వు ఏడో తరగతా ఎనిమిదో తరగతా అని అడగదు. నీకు తీసివేత వచ్చా రాదా చూస్తుంది. రాకపోతే అక్కడి నుంచే మొదలుపెడుతుంది. కార్తీక్ మురళీధరన్, ఆయన తోటి పరిశోధకులు లెక్క కట్టి చూస్తే, నాలుగున్నర నెలల్లోనే ఆ పిల్లలు లెక్కల్లో, హిందీలో మిగతావాళ్లను దాటి బాగా ముందుకొచ్చారు. బాగా వెనకబడిన పిల్లలకూ మేలు జరిగింది.

తేడా ఎక్కడుందో చూశారా? ఒకచోట పిల్లోడి చేతిలో వస్తువు పెట్టారు. ఇంకోచోట పిల్లోడు ఎక్కడ ఆగిపోయాడో కనుక్కొని, అక్కడ ఒక మనిషిని పక్కన కూర్చోబెట్టారు. మన పిల్లలు ఎక్కువమంది ఆగిపోయేది మూడు నాలుగు తరగతుల దగ్గర. అమ్మానాన్నల వెంట మూడు నెలలు వలసపోయి వచ్చేసరికి బళ్లో భాగహారం అయిపోయి ఉంటుంది. మళ్లీ వాడికోసం ఎవరూ వెనక్కి రారు. సిగ్గుపడి వెనక బెంచీలో కూచుని, పదో తరగతిలో తప్పి, "నాకు చదువు రాదు సార్" అంటాడు. వాడికి చదువు రాకపోవటం కాదు, వాడి దగ్గరికి చదువు రాలేదు. అలసిపోకుండా, విసుక్కోకుండా, కులం అడక్కుండా వందసార్లు ఒకే లెక్క చెప్పగలిగేది యంత్రం. "మళ్లీ చెయ్యి నాన్నా, వస్తది" అని భుజం తట్టగలిగేది మనిషి. రెండూ కావాలి.

కేరళ ఇంకో దారి చూపింది. 2001లో వాళ్లు బడుల్లో కంప్యూటరు చదువు మొదలుపెట్టారు. పోనుపోను కంపెనీల సాఫ్ట్‌వేరు పక్కనపెట్టి, ఎవరైనా ఊరికే వాడుకొనే, మార్చుకొనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు మారారు. నేర్పేది కాంట్రాక్టు మనుషులు కాదు, వాళ్ల సొంత మాస్టర్లే. అందుకే 2020లో బళ్లు మూసినప్పుడు విక్టర్స్ అనే సొంత చానల్లో, సొంత మాస్టర్లతో పాఠాలు చెప్పుకోగలిగారు. అక్కడా ఆ పిల్ల చనిపోయింది, మరవొద్దు. సొంత చానలున్నా, ఆ పిల్ల ఇంటి గడపదాకా పాఠం పోకపోతే ఆమెకు అది లేనట్టే.

మన ఇంట్లోనూ ఒక తాళం ఉంది

ఊరి మీద, సర్కారు మీద అరవటంతో మన పని అయిపోదు. ఇంట్లో ఒకే ఫోను ఉంటే సాయంత్రం అది ఎవరి చేతిలో ఉంటుంది? మొగపిల్లోడి చేతిలో. ఆడపిల్ల చేతిలో ఉంటే "ఎవరితో మాట్లాడతందో" అంటాం. నేను ఇళ్లకు పోయి అడిగినప్పుడు తల్లులే చెప్పారు: "ఫోను మావోడు ఇయ్యడు సార్, అమ్మాయికి అంట్ల పని ఉంటది." సావిత్రీబాయి ఫూలే 1848లో పూణేలో ఆడపిల్లలకు పాఠం చెప్పటానికి బయల్దేరితే ఆమె మీద పేడ విసిరారు. విసిరింది పైకులపోళ్లని కోపంగా చెప్పుకుంటాం. మన ఇంట్లో ఆడపిల్ల చేతిలోంచి ఫోను లాక్కోవటాన్ని ఏమని చెప్పుకుందాం?

మా మాస్టర్ల సంగతీ ఒక మాట. మాకూ ఫోనే యజమాని అయింది. 2022 ఆగస్టులో ఫోనుకు ముఖం చూపించి హాజరు వేసుకొనే పద్ధతి వచ్చింది. భోజనాల లెక్క ఫోన్లో ఎక్కించాలి, మరుగుదొడ్ల ఫొటోలు కూడా ఎక్కించాల్సి వచ్చేది. ఫొటో ఎక్కేదాకా క్లాసు ఆగేది. సర్కారుకు యంత్రం మాస్టర్ని కనిపెట్టుకొని ఉండటానికి గుర్తొచ్చినంత త్వరగా, పిల్లోడికి భాగహారం నేర్పటానికి గుర్తుకు రాలేదు. అయినా దీన్ని సాకుగా చెప్పి మేము తప్పించుకోకూడదు. ఫొటోలు నన్ను ఎక్కించమన్నది పైవాళ్లే, నిజం. ఆ పిల్లతో "ముట్టుకోకు" అన్నది మాత్రం నేనే.

ఏం చెయ్యాలి?

ఒకటి: బడిలో ఉన్న ప్రతి యంత్రం లెక్క ఊరికి తెలియాలి. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్లుండాలి. బలహీన వర్గాల పిల్లలు ఎంతమంది ఉంటే ఆ మేరకు వాళ్ల తల్లిదండ్రులకు చోటు ఉండాలి. మన తల్లులు ఆ కమిటీలో సంతకాలకు పరిమితం కాకుండా "ఎన్ని ఉన్నయ్? ఎన్ని పనిచేస్తన్నయ్? వారానికి ఎన్ని గంటలు గది తీస్తన్నారు?" అని అడగాలి. చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. తెల్ల కాగితం మీద రాసిస్తే చాలు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసులకు రుసుం లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

రెండు: సాయంత్రం కేంద్రం పల్లెలోనే ఉండాలి. ఊరి నడిబొడ్డున కాదు. అంబేద్కర్ భవనమో, సామాజిక భవనమో ఉన్నచోట నాలుగు యంత్రాలు, ఒక ఇన్వర్టరు, ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా. డిగ్రీ చదివి ఖాళీగా తిరుగుతున్న మన పిల్లలు ప్రతి పల్లెలో ఉన్నారు. వాళ్లలో ఒకరిని జీతమిచ్చి పెట్టమని పంచాయతీని, ప్రభుత్వాన్ని అడగాలి. మాలపల్లెకొకటి మాదిగపల్లెకొకటి అని మనలో మనం గోడ కట్టుకోవద్దు. వారంలో మూడు రోజులు ముందు కుర్చీలు ఆడపిల్లలవే అని రాసిపెట్టండి.

మూడు: వలసపోయే పిల్లోడి వెంట పాఠం పోవాలి. నెట్టు లేకుండా నడిచే పాఠం చేతిలో ఉంటే మిరపతోట గుడిసెలో కూడా భాగహారం నేర్చుకోవచ్చు. ట్యాబుకున్న అన్నిటికన్నా పెద్ద ప్రయోజనం మన ప్రాంతానికి ఇదే. దీన్ని ఎవరూ అడగటం లేదు. అడగాల్సింది మనమే. పాఠాలు ఎవరైనా కాపీ చేసుకోగలిగినవి, ఏ కంపెనీ మూతపడ్డా మిగిలేవి కావాలని కూడా అడగాలి.

నాలుగు: లోపలి మాట మనది కావాలి. ఇప్పుడు తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు చెప్పే యంత్రాలు వచ్చాయి. అవి ఎవరు రాసిపెట్టిన తెలుగు తిన్నాయో ఆ తెలుగే మాట్లాడతాయి. మన నాయనమ్మల మాటలు, మన పల్లెల చరిత్ర, పలకల గనుల్లో ఊపిరితిత్తులు పాడుచేసుకున్నవాళ్ల కథ రాసినవాళ్లు తక్కువ. అందుకే యంత్రానికి మనం తెలియదు. రాయండి. పిల్లలతో రాయించండి. ముసలోళ్లు చెప్తుంటే ఫోనులో రికార్డు చెయ్యండి. మనం వినేవాళ్లమే కాదు, చెప్పేవాళ్లం కూడా.

అయిదు: నాలాంటి మాస్టర్లకు. పాడైపోనివ్వండి. ఒక మౌసు పోతే పోనివ్వండి. జీతంలో కోస్తే సంఘం పెట్టి కొట్లాడదాం. వాడి పాడైన యంత్రం పిల్లోడికి ఎంతో కొంత నేర్పే పాడవుతుంది. తాళం వేసి పాడుచేసిన యంత్రం ఎలకలకు తప్ప ఎవరికీ పనికిరాదు.

నేను ఇప్పుడు పనిచేసే చోట గది తీస్తున్నాను. చెవి నా జేబులో లేదు. ఎనిమిదో తరగతి పిల్లలు వారానికొకరు దాన్ని ఉంచుకుంటారు. ఇప్పటిదాకా రెండు మౌసులు పోయాయి. ఇద్దరు పిల్లలు నాకు తెలియని సంగతులు నాకే నేర్పారు. ఇది పెద్ద విప్లవం కాదు. ఒక గది, ఒక చెవి, అంతే.

అన్నల్లారా, అక్కల్లారా! వచ్చే సోమవారం కూలికి పోయేముందు ఒక్క పూట బడి దాకా పోండి. మాస్టర్లను తిట్టటానికి కాదు. పాఠం చెప్తుంటే వినండి. ఆ తర్వాత గౌరవంగానే అడగండి: "అయ్యవారూ, ఆ గది తాళం చెవి ఎవరి దగ్గరుంది?"

రేపు చూద్దాం అంటారు. నేనూ అలాగే అన్నాను. మీరు మటుకు రేపటిదాకా ఆగొద్దు.

జై భీమ్!